ఎనిమిదో కాలమ్ చివర

జనవరి 9

చిట్టి గుండీకి,

మీ నాన్న వేయి దీవెనలతో రాసేది. నీ ఉత్తరం నిన్న అందింది. అందినప్పట్నుంచి నా కాళ్ళు నేల మీద లేవు. మిషన్ పెడల్ మీద ఉన్నాయనుకుంటావేమో, అక్కడా లేవు. ఒక చొక్కాకి రెండూ ఎడమ చేతులే కుట్టేశాను. విప్పి మళ్ళీ కుట్టాను, నవ్వుకుంటూనే.

పేపరులో ఒక పేజీకి పేజీ నీ చేతికిచ్చారా! పొద్దున్నే అన్ని వేలమంది చేతుల్లోకి వెళ్ళే పేజీ! నేను ఐదో తరగతి దగ్గర ఆగిపోయాను. నువ్వు ఐదో పేజీ దగ్గర మొదలుపెట్టావు. నేను జారవిడిచిన దారం కొసని అక్కడే అందుకున్నావమ్మా. మీ అమ్మ ఉంటే "అదంతా నా పోలిక, మీది కాదు" అనేది. అననీ.

ఉత్తరం పట్టుకుని పక్క సెలూన్‌లోకి పరుగెత్తి అందరికీ చదివి వినిపించాను. సెలూన్ అతని నోటికి కత్తి కంటే పదునెక్కువ కదా. "ఐదో పేజీయా మాస్టారూ, నేను గడ్డం గీసి కత్తి తుడిచేది దాంతోనే" అన్నాడు. "రేపట్నుంచి ఆరో పేజీతో తుడుచుకో" అన్నాను. "ఆరో పేజీ దాని వీపు మీదే ఉంటుంది, ఎటు తుడిచినా మీ అమ్మాయికే అంటుతుంది" అన్నాడు. అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను.

ఒక కోరిక. నీ పనిలో వాడే మాటలన్నీ నాకు రాసి పంపు. కాలరు అంటే ఏమిటో, కఫ్ అంటే ఏమిటో తెలియనివాడికి చొక్కా చూపిస్తే ఏం చూస్తాడు? బాగుందంటాడు, అంతే. నేను నీ పేజీని అలా చూడను. ఫోన్‌లో మాత్రం చెప్పకు. ముప్పై ఏళ్ళ మిషన్ చప్పుడు నా చెవుల్ని తినేసింది. నువ్వేం చెప్పినా నేను "ఆఁ, భోంచేశాను" అంటాను.

గాలిలో తేలుతున్న
మీ నాన్న

జనవరి 17

నాన్నా,

నీ ఉత్తరం మా డెస్క్‌లో, అంటే పేజీలు చేసే చోట, అందరికీ చదివాను. ఎడమ చేతుల చొక్కా దగ్గర మా చీఫ్ సబ్ ఎడిటర్ కూడా నవ్వారు. ఆయన నవ్వి చాలా రోజులైందట.

సరే, పాఠం మొదలు. మొదటి పేజీ నెత్తిన పెద్దగా పేపరు పేరు ఉంటుంది చూడు, అది మాస్ట్‌హెడ్. దానికి అటూ ఇటూ చిన్న పెట్టెలుంటాయి, వాటిని చెవులంటాం. పేజీ అడ్డంగా అంతా పరుచుకునే శీర్షిక బ్యానర్. వార్త రాసినవాళ్ళ పేరు బైలైన్. వార్త మొదట్లో ఏ ఊరు, ఏ తేదీ అని ఉండేది డేట్‌లైన్. పేజీని నిలువుగా ఎనిమిది పట్టీలు చేస్తాం, అవి కాలమ్‌లు. పేజీ చేసేముందు ఏ వార్త ఎక్కడో కాగితం మీద గీసుకుంటాం, దాన్ని డమ్మీ అంటాం. నువ్వు గుడ్డ కోసే ముందు సుద్దతో గీసుకోవూ, అదే.

వార్తలో మొదటి పేరా పేరు లీడ్. చదివేవాళ్ళు అక్కడితో ఆపేసినా అసలు సంగతి తెలిసిపోవాలి. నాన్చకూడదు, దాచకూడదు. నేను చేరిన రోజు చీఫ్ చెప్పిన మొదటి మాట ఇదే.

పేజీ చేసేవాళ్ళకి బైలైన్ ఉండదు నాన్నా. నా పేరు కోసం వెతకకు. కానీ వార్త పొట్టిదై కాలమ్ చివర జానెడు ఖాళీ మిగులుతుంది ఒక్కోసారి. పేజీలో ఖాళీ ఉండటం మాకు తలవంపు. అక్కడ రెండు మూడు లైన్ల చిన్న ముక్క వేస్తాం. దాన్ని ఫిల్లర్ అంటారు. ఎవరూ పట్టించుకోరు కాబట్టి అది నా ఇష్టం. రోజూ ఎనిమిదో కాలమ్ చివర చూడు. అది నీకే.

ఏప్రిల్‌లో నన్ను పర్మనెంట్ చేస్తామన్నారు. అప్పుడు కిటికీ ఉన్న ఇల్లు తీసుకుంటాను. కిటికీ పక్కన నీ మిషన్. ఇది నా మాట.

నీ గుండీ

ఫిబ్రవరి 2

చిట్టి గుండీకి, ఐదో పేజీ మహారాణికి,

దొరికింది! ఎనిమిదో కాలమ్ చివర! "సూది గుడ్డలో దిగకపోతే సబ్బుముక్కలో ఒకసారి గుచ్చి తీయండి, వెన్నలో దిగినట్టు దిగుతుంది." ఆ చిట్కా నీకు చెప్పింది ఎవరు? మీ నాన్న! నేను చెప్పిన మాట అచ్చులో పడింది! ఇన్ని ఊళ్ళలో ఇంతమంది దర్జీలు ఈపాటికి సబ్బులో సూది గుచ్చుతుంటారు. ఆ రోజంతా వచ్చిన వాళ్ళందరికీ చూపించాను. ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చిన ఒక పెద్దాయన పొడుగు చేయించుకుని వెళ్ళాడు. నా ధ్యాస అలా ఉంది మరి.

నీ పేజీ టేపు పెట్టి కొలిచాను. కాలమ్ ఒక్కొక్కటీ పిల్లల కాలరు పట్టీ వెడల్పు. ఎనిమిదికి ఎనిమిదీ సమానం. శభాష్. మొన్న గురువారం బొమ్మ మాత్రం కాస్త కిందికి జారినట్టు అనిపించింది. జేబు కిందికి కుట్టినట్టు. ఏమనుకోకు, మాస్టర్ కన్ను అది.

రోజూ ఐదో పేజీ కోసి దుకాణం గోడకి అంటిస్తున్నాను. గోడ సగం నువ్వే. మిగతా సగానికి రంగు వేయించే పని తప్పింది. పేపరుకు కూడా చెవులున్నాయని సెలూన్ అతనికి చెప్తే "మీకే లేవు మాస్టారూ" అన్నాడు. వాడి నోట్లో సబ్బు!

ఒక్క మాట మీ వాళ్ళతో చెప్పు. ఈ మధ్య అచ్చు పలచగా పడుతోంది. చిన్న అక్షరాలు బూడిద చల్లినట్టు ఉంటున్నాయి. ఫిల్లర్ సెలూన్ అతని చేత చదివించుకుంటున్నాను. నువ్వు కూడా ఉత్తరం కాస్త పెద్ద అక్షరాలతో రాయి. కాగితానికేం కరువా?

ఉప్పొంగిపోతున్న
మీ నాన్న

ఫిబ్రవరి 20

నాన్నా,

పెద్ద అక్షరాలతోనే రాస్తున్నాను, చూడు.

నువ్వన్నది నిజం, అచ్చు పలచబడింది. సిరా తక్కువ వాడమని పైనుంచి చెప్పారు. పదహారు పేజీలు పన్నెండయ్యాయి. డెస్క్‌లో కుర్చీలు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. ఎవరూ వీడ్కోలు చెప్పడం లేదు. మర్నాడు వాళ్ళ టీ కప్పు మాత్రం కిటికీలో ఉంటుంది.

గురువారం బొమ్మ నిజంగానే జారింది. డెస్క్‌లో ఎవరూ గమనించలేదు. నువ్వు తప్ప.

నీ అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. కళ్ళజోడు మార్పించావా?

నీ గుండీ

మార్చి 11

నా బంగారు గుండీకి,

ఏం పేజీలమ్మా అవి! ఈ పది రోజులుగా వచ్చినవాళ్ళందరికీ అవే చూపిస్తున్నాను. ఇంతకుముందు నీ పేజీ ఒకరోజు ఒకలా, ఇంకోరోజు ఇంకోలా ఉండేది. తండ్రిని కాబట్టి చెప్పలేదు గానీ, చెయ్యి ఇంకా కుదరలేదు అనుకునేవాణ్ణి. ఇప్పుడు చూడు! రోజూ ఒకే కొలత. బొమ్మ రోజూ అదే చోట. టేపు పెట్టి చూశాను, వెంట్రుకంత తేడా లేదు. దీన్నే మేము మాస్టర్ కటింగ్ అంటాం. నాకది రావడానికి పద్నాలుగేళ్ళు పట్టింది. నీకు రెండు నెలలు! నీ పేజీలన్నిట్లోకీ ఇవే గొప్పవి.

ఎనిమిదో కాలమ్ చివర మాత్రం ఫిల్లర్ రావడం లేదట. చందా కట్టండి అని మీ పేపరు ప్రకటనే ఉంటోందట, సెలూన్ అతను చెప్పాడు. పని ఎక్కువైంది నీకు. పరవాలేదు, నాకు చిన్నబుచ్చుకునే వయసా?

అసలు సంగతి. దుకాణం యజమానికి చెప్పేశాను, ఏప్రిల్‌తో ఖాళీ చేస్తానని. నువ్వు మాటిచ్చాక ఆలస్యం దేనికి? మిషన్ నీ కిటికీ పక్కన పెట్టేదాకా నాకు నిద్ర పట్టదు. కిటికీ తూర్పుకా, పడమరకా? రాయి. తూర్పైతే పొద్దుటి వెలుతురులో గుండీల కాజాలు కుట్టుకుంటాను.

కళ్ళజోడుకేం, బాగానే ఉంది. దిగులు పెట్టుకోకు.

సంతోషం పట్టలేని
మీ నాన్న

మార్చి 19

నాన్నా,

దుకాణం అప్పుడే వదలొద్దు. యజమానితో ఇంకా కొన్నాళ్ళు ఉంటానని చెప్పు. ఎండలు తగ్గనీ. ఇల్లు ఇంకా చూడలేదు. చూస్తాను.

ఐదో పేజీ ఈ నెల మొదటి తేదీ నుంచి నేను చెయ్యడం లేదు. నువ్వు మెచ్చుకున్న ఆ పేజీలు నావి కావు.

ఇంకా రాయాలి. రేపు రాస్తాను.

నీ గుండీ

మార్చి 27

మొదటి పేజీ గుండీకి!

నాకు తెలుసు! చదవగానే తెలిసిపోయింది! ఐదో పేజీ నువ్వు చెయ్యడం లేదంటే ఇంకెక్కడికి వేస్తారు? మొదటి పేజీకి! మాస్ట్‌హెడ్, చెవులు, బ్యానర్, అన్నీ నీ చేతికి! అందుకే ఎండలు తగ్గనీ, ఇల్లు చూస్తాను అని దాటవేస్తున్నావు. అంత పెద్ద పదవి వచ్చాక చిన్న ఇల్లు సరిపోదు మరి. రేపు రాస్తానన్నావు, రాలేదు. నాకు అర్థమైంది. తీరిక ఎక్కడుంటుంది?

ఐదో పేజీ నీ తర్వాత వచ్చినవాళ్ళు బాగానే చేస్తున్నారులే. నీ దగ్గర నేర్చుకున్నవాళ్ళే అయ్యుంటారు.

సెలూన్ అతను మొదట నమ్మలేదు. "అమ్మాయి అలా రాయలేదే మాస్టారూ, నావి కావు అని మాత్రమే రాసింది" అని నా చెవిలో అరిచాడు. "ఆడపిల్ల గొప్పలు చెప్పుకుంటుందా, మనమే అర్థం చేసుకోవాలి" అన్నాను. ఆ రోజు వీధిలో అందరికీ నా చేత్తో టీ. ఐదో పేజీలు గోడ మీంచి తియ్యలేదు, వాటి పైన మొదటి పేజీ అంటించడం మొదలుపెట్టాను.

దుకాణం సంగతి మరిచిపో. యజమాని అప్పుడే ఎవరికో మాటిచ్చేశాడు. చెప్పుల దుకాణం పెడతారట. తాళం ఏప్రిల్ పదికి అడిగాడు. ఇస్తానన్నాను. నాకేం పని ఇక్కడ?

లైన్లు వంకర పోతున్నాయా? నవ్వకు. రాసే బల్ల కదులుతోంది.

గర్వంతో చొక్కా గుండీలు తెగిపోతున్న
మీ నాన్న

ఏప్రిల్ 8

నాన్నా,

ఇరవై రోజులుగా రేపు రాస్తాననుకుంటున్నాను. ఉత్తరం మొదలుపెడితే చెయ్యి కుశలం దగ్గరే ఆగిపోతోంది. అందుకని పేజీ చేశాను. పేజీలో దాచి రాయడం నాకు అలవాటు లేదు. పెద్ద కాగితం కొని, పెన్సిలుతో ఎనిమిది కాలమ్‌లు గీసి, అంతా చేత్తో రాశాను. కాలమ్‌లో పట్టాలని అక్షరాలు చిన్నవయ్యాయి. నెమ్మదిగా చదువు. ఇదొక్కటే ప్రతి.

మాస్ట్‌హెడ్: ఐదో పేజీ. ఎడమ చెవి: అచ్చువేసిన ప్రతులు ఒకటి. కుడి చెవి: పాఠకుడు ఒక్కరే.

బ్యానర్: ఉద్యోగం పోయింది.

లీడ్: పట్నం, ఏప్రిల్ 8. ఐదో పేజీ చేసే అమ్మాయిని ఫిబ్రవరి ఆఖరి రోజున పనిలోంచి తీసేశారు. ఆమెతో పాటు డెస్క్‌లో మరో పదకొండు మందిని. ఆమె కొత్త ఇల్లు తీసుకోలేదు. నలుగురుండే గదిలో ఒక మంచం ఆమెది. గదికి కిటికీ లేదు. వాళ్ళ నాన్న దుకాణం వదిలి రాకూడదు.

రెండో వార్త: ఇప్పుడు అన్ని ఊళ్ళ పేజీలూ ఒకే చోట కంప్యూటర్‌లో, ముందే చేసిపెట్టిన అచ్చుల్లో తయారవుతున్నాయి. వార్తని అందులో పోస్తే చాలు, పొడుగైతే అదే కోసేస్తుంది. మనిషి అక్కర్లేదు. అమ్మాయి జిరాక్స్ దుకాణంలో పెళ్ళి కార్డులూ, బాడుగకు గది కలదు అనే కాగితాలూ టైపు చేస్తోంది. వేరే పేపర్లలో అడిగింది. అక్కడా మనుషుల్ని తీసేస్తున్నారు.

సవరణ: మార్చి 11న ఒక పాఠకుడు ఎంతో మెచ్చుకున్న పేజీలు ఈ అమ్మాయి చేసినవి కావు. మార్చి 19 నాటి ఉత్తరంలో అసలు విషయం నాన్చడం జరిగింది. అందుకు చింతిస్తున్నాం.

బైలైన్ పెట్టాను నాన్నా, మొదటిసారి. నా పేరే. ఎనిమిదో కాలమ్ చివర మాత్రం ఖాళీ వదిలేశాను. ఎంత ఆలోచించినా అక్కడ రాయడానికి ఏమీ తోచలేదు.

తాళం ఇవ్వొద్దు.

నీ గుండీ

ఏప్రిల్ 16

నా తల్లికి, నా గుండీకి, నా మాస్ట్‌హెడ్‌కి,

నువ్వు పంపిన కాగితం చుట్ట నిన్న చేరింది. విప్పి వేళ్ళతో తడిమాను. పెన్సిల్ గీతలు తగిలాయి. ఎనిమిది! చేత్తో గీశావు! మొదటి పేజీ చేసే మనిషి, ఇంత పనిలో, నాన్న కోసం ఒక పేజీకి పేజీ చేత్తో రాసి పంపింది! పైన లావుగా నల్లగా ఒక పట్టీ మసకగా ఆనింది, అది బ్యానర్ అని తెలిసిపోయింది. నువ్వు నేర్పిన చదువే కదా.

ఇక నీకు చెప్పేస్తున్నాను, కోప్పడకు. జనవరి నుంచే నాకు చిన్న అక్షరాలు ఆనడం లేదు. ఇప్పుడు పెద్దవీ ఆనడం లేదు. పలచబడింది మీ సిరా కాదు, నా కళ్ళు. లోపల నరం ఎండిపోయిందట, ఆపరేషన్‌కి లొంగేది కాదట. డాక్టరు అలా అంటుంటే నేను నవ్వాను. "నేను చూడాల్సింది చూసేశానండీ, మా అమ్మాయి పేజీ చూశాను" అన్నాను. ఇది కూడా చెక్క స్కేలు కాగితం మీద పెట్టుకుని దాని అంచున రాస్తున్నాను. నీ ఉత్తరాలు సెలూన్ అతనే చదివి పెడుతున్నాడు. నిన్నటి చుట్టలో ఉత్తరం కూడా ఉంది, రెండూ అతనికే ఇచ్చాను.

సెలూన్ నిండా మనుషులు. అందరూ విందామని కుర్చీలు దగ్గరకు జరుపుకున్నారు. నాకు వినపడాలంటే అతను నా చెవిలో అరవాలి కదా. అరవలేదు. తనలో తనే చదువుకున్నాడు, చాలాసేపు. ఒకాయన ముఖం మీద సబ్బు ఎండిపోయి గోల పెడితే గానీ కదల్లేదు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, "అమ్మాయి చాలా బాగా చేసింది మాస్టారూ" అన్నాడు. చూశావా, ఎప్పుడూ వెటకారమాడే నోటితో ఒక్క వెటకారం లేదు! "ఏం వేసింది, బ్యానర్ ఏమిటి?" అన్నాను. "మీ గురించే" అన్నాడు. "మీ గురించే రాసింది అంతా." ఇంకేం కావాలి నాకు?

సాయంత్రం నేనుండే గదికి మళ్ళీ వచ్చాడు. "వెళ్ళొద్దు మాస్టారూ, నా సెలూన్‌లో మూల ఖాళీయే, మిషన్ అక్కడ వేసుకోండి, నా దగ్గరే ఉండండి" అని ఒకటే పోరు. పాపం, నేను వెళ్ళిపోతున్నానని బెంగ పెట్టుకున్నాడు. "నీ సెలూన్‌కి కిటికీ ఉందేమిట్రా? మా అమ్మాయి ఇంటికి ఉంది" అన్నాను. నా భుజం మీంచి చెయ్యి తీసేశాడు. నా మీద అంత ప్రేమ ఉందని ఇన్నేళ్ళూ తెలియలేదు.

తాళం పదో తేదీనే ఇచ్చేశాను. గోడ మీద నీ పేజీలు చింపకుండా తీయడం కుదరలేదు, చెప్పులవాళ్ళు వాటి మీదే సున్నం వేశారు. నా ఫోన్ కూడా సెలూన్ అతనికి ఇచ్చేశాను, నాకెందుకది? మిషన్ గోనెపట్టాలో కట్టించాను. ఆదివారం పొద్దుటి బస్సు. ఈ ఉత్తరం నువ్వు చదివేసరికి నేను దారిలో ఉంటాను. బస్టాండులో ఏదైనా గట్టి రంగు చీర కట్టుకుని నిలబడు, మసకలోనైనా పోల్చుకుంటాను.

ఇంకొక్కటి. ఎనిమిదో కాలమ్ చివర ఖాళీ ఉందని సెలూన్ అతను చెప్పాడు. ఎన్నిసార్లు అడిగినా అది ఒక్కటే సరిగ్గా చెప్పాడు. ఖాళీ ఉండటం మీకు తలవంపని నువ్వే కదా రాశావు! నాకోసమే వదిలావని అర్థమైంది. అందుకని రాత్రంతా ఆలోచించి నేనే ఒక ఫిల్లర్ రాశాను. నా జీవితంలో మొదటి వార్త. సరిపోతుందేమో కొలిచి చూడు, పొడుగైతే కొయ్యి.

"పట్నం, ఆదివారం. ఒక ముసలి దర్జీ తన కూతురింటికి చేరుకున్నాడు. ఆమె పేపరులో మొదటి పేజీ చేస్తుంది. అతను తిరిగి వెళ్ళడానికి ఇక ఏ ఊరూ లేదు, ఆ అవసరమూ లేదు."